ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్: పోర్టుల కోసం వేశాను, ట్రాఫిక్ కోసం ఉంచుకున్నాను

మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం. నాది ఇంటి నుంచే ఉద్యోగం, మా ఆవిడ సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెబుతుంది, పిల్లలిద్దరి సంగతి చెప్పక్కర్లేదు. లైను వంద ఎంబీపీఎస్ ఫైబర్. 2021 చివర్లో, ఉన్న రౌటర్‌లోనే కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను. అప్పుడు 21.02 వెర్షన్, ఇప్పుడు 24.10. వేసిన వారానికే రాసే రివ్యూలు చాలానే ఉన్నాయి, ఇన్నేళ్లు వాడాక ఎలా ఉందో చెప్పేవాళ్లు తక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది రౌటర్ల కోసం తయారైన లినక్స్. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటికొచ్చాక, దాని ఆధారంగా 2004లో మొదలైంది. ఉచితం. అయితే అన్ని రౌటర్లకీ ఎక్కదు. ఒకే మోడల్ పేరు మీద వీ1లో ఒక చిప్, వీ2లో ఇంకో చిప్ పెట్టి అమ్ముతుంటారు. కాబట్టి డబ్బా మీది పేరు నమ్మకుండా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ చూసుకుని, ప్రాజెక్టువాళ్ల పట్టికతో సరిచూసుకోవాలి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ అయితే ఆశ వదులుకోవడమే మంచిది. నాది మీడియాటెక్ ఎంటీ7621, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. ఇప్పటి లెక్కలో ముసలి సరుకే, అయినా లాగుతోంది.

నేను దీని జోలికి వెళ్లింది పోర్టుల కోసం. పోర్టు అంటే నెట్ నుంచి వచ్చే ట్రాఫిక్ ఏ సర్వీసుకి వెళ్లాలో చెప్పే నంబరు. ఇంటి చుట్టూ కెమెరాలు, లోపల వాటి రికార్డింగులు దాచే డీవీఆర్. ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో చూసుకోవాలి. డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పనైపోతుంది, చాలామంది అదే చేస్తారు. మా గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో ఇంకెవరి సర్వర్‌కో తెలియడం నాకు ఇష్టం లేదు, అంతే.

పోర్ట్ ఫార్వర్డ్, అంటే బయటి పోర్టుకి వచ్చినదాన్ని లోపలి పరికరానికి పంపే రూల్, పెట్టడం వరకూ ఇందులో హాయి. నెట్‌వర్క్ మెనూలో ఫైర్‌వాల్, అందులో పోర్ట్ ఫార్వర్డ్స్. టీసీపీనా యూడీపీనా (డేటా పంపే రెండు పద్ధతులు), బయటి పోర్టు ఎంత, లోపలి ఐపీ ఏది, లోపలి పోర్టు ఎంత. నింపి సేవ్ అండ్ అప్లై నొక్కడమే. దానికంటే ముందు డీహెచ్‌సీపీలో (ఇంట్లో పరికరాలకి ఐపీలు పంచే భాగం) డీవీఆర్ మ్యాక్ అడ్రసుకి, అంటే దాని హార్డ్‌వేర్ నంబరుకి, ఒక ఐపీ ఖాయం చేయాలి. లేదంటే ఎప్పుడో కరెంటు పోయి వచ్చాక డీవీఆర్‌కి వేరే నంబరు వస్తుంది, రూల్ మాత్రం పాత నంబరునే పట్టుకుని కూర్చుంటుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నా బయటి నుంచి కనెక్ట్ కాలేదు. కారణం రౌటర్‌లో లేదు. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ వైపు నుంచి రౌటర్‌కి వచ్చిన అడ్రసు, చూడండి: 100తో మొదలై, రెండో సంఖ్య 64 నుంచి 127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. నాట్ అంటే ఎన్నో అడ్రసులని ఒకే అడ్రసుతో బయటికి పంపడం, ఆ పని ఆపరేటర్ దగ్గర జరిగితే సీజీనాట్. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 (పాత తరం) అడ్రసుల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. 2012లో దాదాపు 42 లక్షల అడ్రసుల బ్లాకు ఒకటి ఈ పనికోసమే పక్కన పెట్టారు. ఆపరేటర్ ఆ అడ్రసులు ఇళ్లకి పంచి, బయటికి మాత్రం ఎన్నో ఇళ్లని ఒకే పబ్లిక్ ఐపీతో పంపిస్తాడు. ఫ్లాట్ తలుపు తీసిపెట్టుకుని ఏం లాభం, కింద మెయిన్ గేటు తాళం వాచ్‌మన్ దగ్గరుంటే?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు ఏ బ్లాకూ లేదు సార్, మీ రౌటర్‌లోనే ఓపెన్ చేసుకోండి" అని ఒకటే పాట. ఎంత వాదించినా లాభం లేక, చివరికి నెలనెలా అదనంగా కడతానని ఒప్పుకుని స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రసు) తీసుకున్నాను. వచ్చిన టెక్నీషియన్‌ని బతిమాలి ఓఎన్‌టీని (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని చేయకుండా, పెట్టించుకుని, నెట్‌కి కలిసే పీపీపీఓఈ లాగిన్ నా రౌటర్‌కి మార్చుకున్నాను. అలా కాకపోతే రెండు చోట్లా నాట్ జరిగి, ఒక్కో పోర్టునీ రెండుసార్లు తెరవాల్సి వచ్చేది. పోర్ట్ ఫార్వర్డింగ్ కోసమని కొత్త రౌటర్ కొనబోయేవాళ్లు ముందు ఆ వ్యాన్ ఐపీ చూసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

పబ్లిక్ ఐపీ రాగానే కెమెరాలు కనిపించాయి. మంచిదే. కానీ ఫైర్‌వాల్ లాగ్ ఆన్ చేసి చూస్తే గుండె గుభేల్‌మంది. ఎక్కడెక్కడి అడ్రసుల నుంచో 23 (టెల్‌నెట్ లాగిన్), 3389 (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్) పోర్టుల మీద తట్టుతూనే ఉన్నారు, ఆగడం లేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కాదు, ప్రతి ఇంటి తలుపూ తట్టే బాట్లు అవి. 2016లో మిరాయ్ బాట్‌నెట్ ఇలాగే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లను పోగేసుకుని, ఆ అక్టోబర్‌లో సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చే డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడి పెద్ద పెద్ద సైట్లనే కూలబెట్టింది. బయటి పోర్టు నంబరు మార్చితే సరిపోతుందని కొందరు అంటారు. అన్ని పోర్టులూ వరసగా చూసేవాడికి నంబరు ఏదైతేనేం?

అందుకని డీవీఆర్ ఫార్వర్డ్ తీసేసి వైర్‌గార్డ్ పెట్టాను. ఇది వీపీఎన్, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి. ఒకే ఒక్క యూడీపీ పోర్టు. అది రౌటర్‌లోనే నడిచే సర్వీసు కాబట్టి పోర్ట్ ఫార్వర్డ్స్‌లో కాకుండా ట్రాఫిక్ రూల్స్‌లో తెరవాలి, ఈ తేడా దగ్గరే చాలామంది తికమకపడతారు. సరైన తాళంచెవి లేని ప్యాకెట్‌కి వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, వెతికేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. ఫోన్‌కి సెట్టింగులు క్యూఆర్ కోడ్‌తో ఎక్కిపోతాయి. మొత్తం హడావుడి ఎందుకోసం మొదలుపెట్టానో ఆ పోర్ట్ ఫార్వర్డ్స్ పేజీ ఇప్పుడు ఖాళీ. మా పెద్దవాడు "నాన్నా, గేమ్‌లో నాట్ స్ట్రిక్ట్ అంటోంది" అని గొడవ చేస్తే యూపీఎన్‌పీ (పరికరాలే తమకి కావాల్సిన పోర్టులు తెరుచుకునే) ప్యాకేజీ వేసి, వాడి కన్సోల్ ఐపీకి మాత్రమే అనుమతి ఇచ్చాను. దాన్ని ఇల్లంతటికీ తెరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇక దీన్ని ఇన్నేళ్లు ఉంచుకోవడానికి అసలు కారణం ఎస్‌క్యూఎం, అంటే ట్రాఫిక్ క్యూని సర్దే ప్యాకేజీ. ఇంతకుముందు సాయంత్రం ఏం జరిగేదంటే, పిల్లల ఫోన్లు వైఫై ఎక్కి ఫొటోలు క్లౌడ్‌కి పంపడం మొదలుపెట్టేవి. అంతే, పక్కగదిలో మా ఆవిడ గొంతు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపించేది. స్పీడ్ టెస్ట్ చేస్తే వందకి వంద. పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం) చూస్తే మాత్రం మామూలుగా 8 మిల్లీసెకన్లు ఉండేది, అప్‌లోడ్ నిండగానే 300 దాటేది. ఓఎన్‌టీలోనో ఆపరేటర్ పెట్టెలోనో పెద్ద క్యూ పేరుకుపోయి, చిన్న మాట ప్యాకెట్ కూడా వందల ఫొటో ప్యాకెట్ల వెనక నిలబడటం వల్ల వచ్చే తంటా ఇది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాన్ పెంచినా ఇది పోతుందన్న గ్యారంటీ లేదు.

మందు ఏమిటంటే, లైను అసలు స్పీడ్‌కంటే కొంచెం తక్కువకి మనమే రౌటర్‌లో కట్టడి చేయడం. అప్పుడు క్యూ మన చేతిలో ఏర్పడుతుంది, కేక్ అనే పద్ధతి దాన్ని న్యాయంగా పంచుతుంది. కేక్ 2018లో లినక్స్ 4.19తోపాటు కెర్నెల్‌లోకి వచ్చింది. నేను డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటికీ 92000 కిలోబిట్లు పెట్టాను. క్యూ స్క్రిప్ట్‌గా పీస్ ఆఫ్ కేక్, లింక్ లేయర్‌లో ఈథర్నెట్, ఓవర్‌హెడ్ 44. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో పరికరానికి ఒక వాటా చొప్పున పంచమని కూడా చెప్పాను. దానివల్ల ఒకే ఫోన్ యాభై కనెక్షన్లు తెరిచినా దాని వాటా ఒకటే. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లలో ఉండే "ఈ ల్యాప్‌టాప్ హై, ఆ టీవీ లో" జాబితాలతో పనే లేదు. ఇప్పుడు ఫొటోలు ఎక్కుతున్నా పింగ్ 15 దాటడం లేదు. ఎనిమిది ఎంబీపీఎస్ వదులుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ అని ఒక టిక్ ఉంటుంది. స్పీడ్ పెరుగుతుందని యూట్యూబ్‌లో అందరూ దాన్ని పెట్టమంటారు. పెడితే ప్యాకెట్లు ఎస్‌క్యూఎం దగ్గరికి రాకుండా అడ్డదారిలో పోతాయి. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఇంకోటి, రాత్రిళ్లు మీ ఆపరేటర్ లైను 70కి పడిపోతే 92 అని రాసుకున్న అంకె ఎందుకూ పనికిరాదు, క్యూ మళ్లీ వాళ్ల దగ్గరికే పోతుంది. అలాంటి లైను ఉన్నవాళ్లు పీక్ టైంలో కొలిచి ఆ అంకెకి తగ్గించుకోవాలి.

చిరాకులు లేవా అంటే ఉన్నాయి. మొదటిసారి వేశాక వైఫై ఆఫ్‌లో ఉంటుంది, ల్యాన్ కేబుల్ లేనివాళ్లకి అక్కడే టెన్షన్. నా రౌటర్‌లో వైఫై అందే దూరం కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ఉన్నప్పటికంటే కాస్త తగ్గింది, వెనక గదికి కేబుల్ లాగాల్సి వచ్చింది. 22.03లో ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే కొత్త పద్ధతికి మారినప్పుడు పాత సొంత రూల్స్ అన్నీ తిరగరాసుకున్నాను. మామూలుగా అప్‌గ్రేడ్ చేస్తే సెట్టింగులు ఉంటాయి గానీ మనం వేసుకున్న ప్యాకేజీలు ఎగిరిపోతాయి. ఎస్‌క్యూఎం లేదన్న సంగతి మా ఆవిడ క్లాసులో గానీ బయటపడదు. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడితే ప్యాకేజీలు కూడా కలిపి ఇమేజ్ తయారవుతుంది, నేను ఇప్పుడు అదే వాడుతున్నాను.

ఇంట్లో ఒక్కరే ఉండి సినిమాలు చూసేవాళ్లకి ఇదంతా అనవసరం. 300, 500 ప్లాన్ ఉన్నవాళ్లకి నా చిప్ చాలదు. కేక్ పనంతా సీపీయూ మీదే పడుతుంది, ఇందులో ఉన్నది 880 మెగాహెర్ట్జ్ కోర్లు రెండే. అలాంటివాళ్లు మీడియాటెక్ కొత్త తరం ఫిలాజిక్ చిప్ ఉన్నవి చూసుకోవాలి. 300కి మారండి సార్ అని మా ఆపరేటర్ ఫోన్ చేస్తూనే ఉంటాడు. ఒడిదుడుకుల 300 కంటే నిలకడైన 92 నాకు నయం.

మార్చబోయేది స్టాటిక్ ఐపీ ఒక్కటే. ఆపరేటర్ ఈమధ్య ఐపీవీ6 (కొత్త తరం అడ్రసు) ఇచ్చాడు, నా ఫోన్ మొబైల్ డేటాలో కూడా ఐపీవీ6 వస్తోంది. వైర్‌గార్డ్ దాని మీదే కలుస్తోంది, నాట్ లేదు, సీజీనాట్ బాధ అసలే లేదు. అడ్రసు అప్పుడప్పుడూ మారుతుంటుంది కాబట్టి, కొత్త అడ్రసుని ఎప్పటికప్పుడు ఒకే పేరుకి కలిపే డైనమిక్ డీఎన్‌ఎస్ ప్యాకేజీ పెట్టాను. ఇంకో నెల ఇలాగే నడిస్తే స్టాటిక్ ఐపీకి కట్టడం ఆపేస్తాను.