చదువుకుంటున్న ఊళ్లోనే యాత్ర: గ్లాస్గోలో శని, ఆదివారాలు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకి మాస్టర్స్ చదవడానికి వచ్చిన మనవాళ్లలో చాలామంది సెలవు దొరికితే ఎడిన్‌బరాకో, హైలాండ్స్‌కో, లండన్‌కో బస్సెక్కుతారు. ఉంటున్న ఊరు మాత్రం గది, క్యాంపస్, పార్ట్‌టైమ్ ఉద్యోగం, సరుకుల షాపు వరకే తెలుస్తుంది. ఏప్రిల్‌లో మా పిన్ని కూతురు న్యూకాజిల్ నుంచి శని, ఆదివారాలు గడపడానికి వచ్చింది. దానికి చూపించడానికి వేసుకున్న ప్లాన్ నాకే ఎక్కువ ఉపయోగపడింది. ఇక్కడ నగరపాలక సంస్థ నడిపే మ్యూజియంలలో ప్రవేశం ఉచితం. చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థికి ఇది చాలా పెద్ద విషయం.

ముందు బస సంగతి. మా స్టూడెంట్ హాల్‌లో గది ఒక్కరికే సరిపోతుంది. అందుకని ఆన్‌లైన్‌లో ఒక ఫ్లాట్‌లో గది బుక్ చేశాం. సరిగ్గా ముందురోజు ఓనర్ రద్దు చేశాడు. డబ్బు వెనక్కి ఇచ్చారు కానీ, ఆ సాయంత్రమంతా టెన్షనే. చివరికి పార్క్ టెర్రేస్‌లోని యూత్ హాస్టల్‌లో రెండు మంచాలు దొరికాయి. గుట్ట మీద, పాతకాలపు పెద్ద రాతి భవనం. కింద కెల్విన్‌గ్రోవ్ పార్కు, అవతల యూనివర్సిటీ గోపురం కనిపిస్తాయి. వంటగది వాడుకోనిచ్చారు, కాబట్టి పొద్దున్నే ఉప్మా చేసుకుని బయటపడ్డాం. ఖాళీ చేశాక కూడా సాయంత్రం దాకా బ్యాగులు ఉంచుకోనిచ్చారు. ఒకటే ఇబ్బంది, సూట్‌కేసుతో ఆ ఎత్తు ఎక్కడం కష్టం. చక్రాల పెట్టె కాకుండా వీపున వేసుకునే బ్యాగ్ తెచ్చుకోండి.

శనివారం మొత్తం కెల్విన్‌గ్రోవ్ మ్యూజియానికే ఇచ్చినా దండగ కాదు. 1901లో తెరిచిన ఎర్ర రాతి భవనం. మధ్య హాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆర్గన్ అనే పెద్ద గొట్టాల వాద్యం వాయిస్తారు, ఆదివారమైతే మూడింటికి. మేడ మీద వరండాలో నిలబడి వినండి, కింద కంటే అక్కడే బాగుంటుంది. సాల్వడార్ డాలీ గీసిన శిలువ మీది క్రీస్తు బొమ్మ ఇక్కడే ఉంది. చర్చిలో పెరగని నాలాంటివాళ్లు కూడా దాని ముందు ఆగిపోతారు, ఎందుకంటే క్రీస్తును పైనుంచి చూస్తున్నట్టుగా గీశాడు. 1952లో నగరం దాన్ని 8,200 పౌండ్లకు కొన్నప్పుడు, ఇంత డబ్బు పోస్తారా అని ఆర్ట్ విద్యార్థులే గొడవ చేశారట.

తెలుగువాళ్లకు ఈ భవనంతో ఇంకో సంబంధం ఉంది. 2022 ఆగస్టులో గ్లాస్గో మ్యూజియంల సంస్థ ఏడు భారతీయ వస్తువులను తిరిగి ఇచ్చేస్తామని మన హైకమిషన్‌తో ఇక్కడే సంతకాలు చేసింది. ఆరు ఉత్తర భారతంలోని గుళ్ల నుంచి, పూజాస్థలాల నుంచి పందొమ్మిదో శతాబ్దంలో ఎత్తుకొచ్చినవి. ఏడోది హైదరాబాద్ నిజాం సేకరణలోంచి 1905లో దొంగిలించిన కత్తి. బ్రిటన్‌లో ఒక మ్యూజియం ఇలా మనకు వస్తువులు ఇవ్వడానికి ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను పుట్టి పెరిగింది పాతబస్తీకి దగ్గర్లోనే. ఆ కత్తి ఇంత దూరం వచ్చిందని తెలిసి బాధేసింది. వెనక్కి ఇవ్వడానికి సంతకం పెట్టారని తెలిసి ఈ ఊరి మీద గౌరవమూ పెరిగింది.

దగ్గర్లోనే యూనివర్సిటీ. 1451లో మొదలైంది. కమానుల కింద ఫొటోలు దిగడానికి అరగంట చాలు. బొటానిక్ గార్డెన్స్‌లోని కిబుల్ ప్యాలెస్ అనే గాజు మందిరం వానొచ్చినప్పుడు తలదాచుకోవడానికి మంచి చోటు. వాన వస్తుంది కూడా. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న జాకెట్టే దిక్కు.

సాయంత్రం క్లైడ్ నది ఒడ్డున రివర్‌సైడ్ మ్యూజియానికి వెళ్లాం. జాహా హదీద్ డిజైన్ చేసిన భవనం, 2011లో తెరిచారు. లోపల దక్షిణాఫ్రికాలో తిరిగి వచ్చిన 3007 నంబరు ఆవిరి ఇంజన్ ఉంది. దాన్ని చేసింది ఈ ఊళ్లోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ. మన దేశంలో నడిచిన ఇంజన్లలోనూ వందలాది ఆ కంపెనీవే. మా తాతయ్య కాజీపేట షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేశారు. "అక్కా, తాతయ్య బొగ్గు వేసిన ఇంజన్ ఇక్కడే తయారైందేమో" అంది చెల్లి. దాని చక్రాల పక్కన నిలబెట్టి ఫొటో తీసి అమ్మమ్మకు వాట్సాప్ చేశాం. నాకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

తిరగడానికి సబ్‌వే, అంటే భూగర్భ రైలు, బాగుంది. 1896లో మొదలైంది, పదిహేను స్టేషన్లు, ఒకే గుండ్రటి దారి, కాబట్టి తప్పిపోయే అవకాశమే లేదు. మూడుసార్లు ఎక్కేటట్లయితే డే టికెట్ నయం. అయితే ఆదివారం ఆలస్యంగా మొదలై తొందరగా ఆగిపోతుంది, వేళలు చూసుకోండి. బస్సుల మీద ఆదివారం ఆశ పెట్టుకోకండి, మేం ఎదురుచూసిన బస్సు యాప్‌లో వస్తున్నట్టు చూపించి రానే లేదు. ఇరవై రెండేళ్లు నిండనివాళ్లు, స్కాట్లాండ్‌లో ఉంటున్నవాళ్లయితే, కార్డుకి అప్లై చేసుకుంటే బస్సు ఉచితం. డిగ్రీకి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు దిగగానే చేయాల్సిన పని అది.

ఆదివారం పొద్దున మర్చంట్ సిటీ అనే పాత వర్తకుల పేటలో నడిచాం. వర్జీనియా స్ట్రీట్, జమైకా స్ట్రీట్, బుకానన్ స్ట్రీట్ అన్న పేర్ల వెనక ఉన్నది పొగాకు, చక్కెర, బానిసల శ్రమ. మోడరన్ ఆర్ట్ గ్యాలరీ ఉన్న భవనం కూడా 1778 ప్రాంతంలో ఒక పొగాకు వర్తకుడు కట్టించుకున్న ఇల్లే. దాని ముందు గుర్రం మీద వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం, తల మీద జనం సరదాగా పెట్టే ట్రాఫిక్ కోన్. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం మీదికి వచ్చిన సైన్యంలో ఉన్న వెల్లెస్లీ ఈయనే. కోన్ పెట్టకుండా దిమ్మె ఎత్తు పెంచాలని 2013లో అధికారులు చూస్తే జనం ఒప్పుకోలేదు. షాపింగ్ వీధులు మాత్రం ఏ ఊళ్లో అయినా ఒకటే, వాటి మీద పూట పాడుచేసుకోవద్దు.

కెథడ్రల్‌ అనే పాత పెద్ద చర్చిలో ఆదివారం పొద్దున ప్రార్థనలు ఉంటాయి, చూడటానికి మధ్యాహ్నం వెళ్లాలి. కింది అంతస్తులో ఈ ఊరి రక్షక సాధువు సెయింట్ ముంగో సమాధి తప్పక చూడండి. వెనక గుట్ట మీద నెక్రోపొలిస్ శ్మశానం. ఊరంతా కనిపించే చోటు అదే, కాకపోతే వానకు మెట్లు జారతాయి.

తిండికి బయట కూర్చుంటే ఖర్చు పెరుగుతుంది. పోలక్‌షీల్డ్స్‌లో ఆల్బర్ట్ డ్రైవ్ వైపు దక్షిణాసియా దుకాణాలు చాలా ఉన్నాయి, కరివేపాకు, మినప్పప్పు దొరుకుతాయి. మా ఇద్దరికీ ఎక్కువ ఖర్చయింది మంచాలకే.

బర్రెల్ కలెక్షన్ అనే ఇంకో మ్యూజియానికి మాత్రం టైమ్ చాల్లేదు. సెంట్రల్ స్టేషన్ నుంచి పోలక్‌షాస్ వెస్ట్‌కు రైలెక్కి, పార్కులోంచి నడిచి వెళ్లాలి. దారిలో జుట్టు కళ్ల మీద పడే హైలాండ్ ఆవులు ఉంటాయి. దానికి సగం రోజు విడిగా పెట్టుకోండి, కెల్విన్‌గ్రోవ్ ఉన్న రోజునే ఇరికించొద్దు.