మస్టాంగ్ జీటీకి ‘ట్రాక్షన్ ప్యాకేజీ’ వేయించుకునే ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్, కమారో, ఛాలెంజర్ లాంటి కార్లు చూస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చాలా రోజుల ఎండ తర్వాత మొదటి వాన పడ్డ ఒక సాయంత్రం, 121 టోల్‌వే ఎక్కే ర్యాంప్ మలుపులో నా కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి జారిపోయింది. స్పీడు 35 మైళ్లు కూడా లేదు. కారు అడ్డం తిరిగి గడ్డిలోకి దిగి, గార్డ్ రెయిల్‌కి రెండడుగుల దూరంలో ఆగింది. పక్కన మా ఆవిడ, వెనక సీట్లో ఆరేళ్ల పాప. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పాప మూడు వారాల పాటు ఆ కారు ఎక్కనంది.

అంతకు నెలన్నర ముందే ఒక పర్ఫార్మెన్స్ షాపు (కార్లకి స్పోర్ట్స్ పార్టులు బిగించే చోటు) వాళ్లు వెనక గ్రిప్, అంటే రోడ్డు మీద టైర్ల పట్టు, పెంచుతామని చెప్పి నా దగ్గర 2,400 డాలర్లు తీసుకున్నారు. గ్రిప్ పెరగలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. ఎలా పోయిందో తెలిస్తే మీరు ఆ డబ్బూ, ఆ టెన్షన్ రెండూ తప్పించుకోవచ్చు.

నాది 2016 జీటీ, పర్ఫార్మెన్స్ ప్యాక్ (కంపెనీ నుంచే వచ్చే స్పోర్ట్స్ పార్టుల సెట్) ఉన్నది. 5.0 లీటర్ల వీ8, 435 హార్స్‌పవర్, అంతా వెనక చక్రాలకే వెళ్తుంది. కొన్నప్పటి నుంచే వెనక భాగం నమ్మకంగా అనిపించేది కాదు. సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా గ్యాస్ ఇస్తే వెనక చక్రాలు దడదడమని ఎగిరెగిరి పడేవి. దాన్ని వీల్ హాప్ అంటారు. తడి రోడ్డు మీద మలుపు తిరగాలంటే చేతులకి చెమట పట్టేది. ఈ మాటే షాపులో చెప్పాను. వాళ్లు కారు కింద చూడలేదు, టైర్లు చూడలేదు. ‘ట్రాక్షన్ ప్యాకేజీ’ అని ఒక కాగితం ముందు పెట్టారు. కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, లావుపాటి రియర్ స్వే బార్ (వెనక రెండు చక్రాల సస్పెన్షన్‌ని కలిపే ఇనుప కడ్డీ), బిగించే కూలి. నమ్మి సంతకం పెట్టాను.

జారిన తర్వాత కారుని వేరే ఊళ్లో చక్రాల కోణాలు సరిచేసే ఒక పాత అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన కారుని కొలతలు తీసే ర్యాక్ ఎక్కించకముందే వెనక టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు నాకు చూపించారు. 2215. అంటే 2015లో 22వ వారంలో తయారైన టైరు. నేను కారు కొన్నది 2022లో. ట్రెడ్ (టైరు మీది గాడులు) బాగానే కనిపిస్తోంది కాబట్టి డీలరు ‘టైర్లు దాదాపు కొత్తవే’ అన్నాడు, నేనూ తల ఊపాను. రబ్బరు మాత్రం గట్టిపడి చెక్కలా అయిపోయింది. గోరు గుచ్చితే దిగలేదు. ఏడేళ్ల రబ్బరు మీద 435 హార్స్‌పవర్ పెట్టి వానలో తిరిగానన్న మాట. డీలరు దగ్గర గానీ, ఆ పర్ఫార్మెన్స్ షాపులో గానీ ఒక్కరు కూడా ఆ నాలుగు అంకెలు చదవలేదు, చదివినా నాకు చెప్పలేదు.

తర్వాత స్వే బార్. ఇది బాగా అర్థం చేసుకోండి, ఎందుకంటే దీన్నే ఎక్కువగా గ్రిప్ పేరుతో అమ్ముతున్నారు. వెనక బార్ గట్టిగా ఉంటే మలుపులో కారు పక్కకి ఒరగడం తగ్గుతుంది, చూడ్డానికి చురుగ్గా ఉంటుంది. కానీ ఆ బార్ లోపలి చక్రం మీది బరువుని తీసి బయటి చక్రం మీద వేస్తుంది. రెండు టైర్లు పంచుకోవాల్సిన పని ఒక్కదాని మీద పడేసరికి వెనక ఇరుసు మొత్తం పట్టు తగ్గిపోతుంది. ముందు భాగం మలుపు తిరగనని మొరాయించే కారుకి అది మందు కావచ్చు. వెనక జారే కారుకి విషం. పైగా గట్టిదనం మార్చుకోవడానికి బార్ చివర ఉండే రంధ్రాల్లో అన్నిటికంటే గట్టి దాంట్లో నా బార్‌ని బిగించారు.

స్ప్రింగుల సంగతి ఇంకా అన్యాయం. కారు ఎత్తు తగ్గితే చక్రాల కోణాలన్నీ మారతాయి, అలైన్‌మెంట్ చేయించి తీరాలి. బిల్లులో అలైన్‌మెంట్ డబ్బులు ఉన్నాయి, ప్రింటవుట్ మాత్రం లేదు. ర్యాక్ మీద పెట్టి చూస్తే వెనక ఎడమ చక్రం టో బయటికి ఉంది. అంటే చక్రం ముందు అంచు కొద్దిగా బయటివైపు చూస్తోంది. వెనక చక్రం అలా ఉంటే ప్రతి గతుకులోనూ, గ్యాస్ ఇచ్చిన ప్రతిసారీ కారు తోక తనంతట తాను దారి మార్చుకోవాలని చూస్తుంది. నా చేతుల్లో ధైర్యం లేకపోవడానికి కారణం నా డ్రైవింగ్ ఒక్కటే కాదని ఆ స్క్రీన్ మీది ఎర్ర అంకె చూశాకే తెలిసింది.

ప్యాకేజీ అమ్మిన షాపు వాళ్లు ఇంకో రెండు సలహాలు కూడా ఇచ్చి పంపారు. చక్రాలు జారకుండా పవర్ తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసుకోమన్నారు, వెనక టైర్లలో గాలి 24 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) దించారు. గాలి దించడం డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగా వెళ్లే రేసుల ట్రాక్) మీద, దానికోసం చేసిన టైర్లతో పనికొచ్చే కిటుకు. వాన నీళ్ల మీద అది ప్రమాదం. విమానం టైర్ల మీద నాసా చేసిన పాత ప్రయోగాల నుంచి వచ్చిన ఒక లెక్క ఉంది: పీఎస్ఐకి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే, నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గంటకి మైళ్లలో సుమారుగా వస్తుంది. 32 పీఎస్ఐకి 58 దాకా వస్తుంది, 24కి 51 దగ్గరే. కారు టైరుకి ఇది అక్షరాలా వర్తించదు, ట్రెడ్ లోతూ ముఖ్యమే, కానీ గాలి తగ్గితే ముందే తేలుతుందన్నది నిజం. మీ కారు డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె పాటించండి.

డబ్బు వెనక్కి ఇవ్వమని ఆ షాపుకి రెండుసార్లు వెళ్లాను. కారు జారడానికి నేను గ్యాస్ ఎక్కువ ఇవ్వడమే కారణమన్నారు. అలైన్‌మెంట్ ప్రింటవుట్ అడిగితే సిస్టమ్‌లో లేదన్నారు.

కారుని చివరికి బాగుచేసినవి ఇవి. వెనకకి 275/40ఆర్19 సైజు, ముందుకి 255/40ఆర్19 సైజు, అదే ఏడాది తయారైన మంచి సమ్మర్ టైర్లు. పాత స్ప్రింగులు, పాత బార్ మళ్లీ బిగించాం. వెనక రెండు చక్రాలకీ సమానంగా కొద్దిపాటి టో లోపలికి. 2015 నుంచి మస్టాంగ్‌లన్నిటికీ ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ (వెనక చక్రాలు రెండూ విడివిడిగా కదిలే ఏర్పాటు) వచ్చింది. అది కూర్చునే క్రెడిల్‌ (ఇనుప ఫ్రేము)కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు బుష్‌లు మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనం తగ్గించే సపోర్ట్ ముక్కలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువేం కాదు. అవి వేశాక వీల్ హాప్ దాదాపు పోయింది. ఒక్క మాట, సమ్మర్ టైర్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలిలో పట్టు కోల్పోతాయి. జనవరి పొద్దుటి పూట ఆఫీసుకి ఇదే కారులో వెళ్లేవాళ్లయితే మంచి ఆల్ సీజన్ టైర్లు వేయించుకోండి.

ధైర్యం మాత్రం పార్టులతో రాలేదు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) టెక్సస్ రీజియన్ వాళ్లు ఖాళీ స్థలంలో కోన్‌లు పెట్టి నడిపించే ఆటోక్రాస్‌కి వెళ్లాను. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని, మలుపు మధ్యలో భయపడి గ్యాస్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకి వెళ్లి తోక ఎలా తేలికవుతుందో చేసి చూపించాడు. ఆ ర్యాంప్ మీద నేను చేసింది సరిగ్గా అదే. ముందు గ్యాస్ ఎక్కువిచ్చాను, జారగానే కాలు పూర్తిగా లాగేశాను. ఇప్పుడు చూపు వెళ్లాల్సిన దారి మీదే ఉంటోంది, కాలు మెల్లగా కదులుతోంది.

కాబట్టి ఎవరైనా మీకు గ్రిప్ అమ్మాలని చూస్తే, ముందు మీ టైరు తేదీ చదవమనండి, తర్వాత మీ కారు ఇప్పటి అలైన్‌మెంట్ కాగితం మీద చూపించమనండి. పని అయ్యాక రెండో కాగితం చేతికి వచ్చేదాకా డబ్బు కట్టకండి. ఈ రెండూ కుదరవంటే తాళం తీసుకుని వచ్చేయండి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఎవరైనా ఇలాంటి కారు కొంటుంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి. శనివారం పూట నేనే వచ్చి టైర్లు, కారు కింద భాగం మీతో పాటు చూస్తాను.