యూనిటీ ఆఫ్ కమాండ్: యుద్ధం నడిచేది సప్లై లైను మీదే

స్ట్రాటజీ ఆటలంటే ఇష్టమున్న చాలామంది వార్‌గేమ్ అనే మాట వినగానే ఆగిపోతారు. నేనూ చాలాకాలం అలాగే ఉన్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌తో మొదలుపెట్టి, సివిలైజేషన్ మీద ఎన్నో రాత్రులు కూర్చున్నా, రెండో ప్రపంచయుద్ధం మీద వచ్చిన అసలు సిసలు వార్‌గేమ్‌ల జోలికి మాత్రం పోలేదు. వాటి మాన్యువల్ వందల పేజీలు ఉంటుంది. మ్యాప్ నిండా చిన్న చిన్న చదరపు బిళ్లలు, ఒక్కో బిళ్ల మీద అరడజను అంకెలు. ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, పడుకునేలోపు గంటసేపు ఆడుకుందామనుకునేవాడికి అది కుదిరే పని కాదు.

2011లో వచ్చిన యూనిటీ ఆఫ్ కమాండ్ అనే కంప్యూటర్ వార్‌గేమ్ నాలాంటివాళ్ల కోసమే చేసినట్టుంటుంది. కొన్నేళ్లుగా ఆడుతున్నాను. మధ్యలో లాప్‌టాప్‌లు మారాయి, ఈ ఆట మాత్రం ప్రతి దాంట్లోనూ ఎక్కింది. దీన్ని చేసింది క్రొయేషియాకు చెందిన 2×2 గేమ్స్ అనే చిన్న బృందం. దాని సారథి తొమిస్లావ్ ఉజెలాట్స్ పేరు మనకు తెలియకపోవచ్చు గానీ, ఆయన పని మనకు బాగా పరిచయమే. 1990ల చివర్లో ఆయన రాసిన ఎంపీత్రీ డీకోడర్ (ఎంపీత్రీ ఫైలును పాటగా వినిపించే ప్రోగ్రాం) మీదే మొదటి వినాంప్ నడిచింది. వినాంప్‌లో ఇళయరాజా పాటలు విన్న మన తరం ఆయనకు ఆ రకంగా ముందే బాకీ పడింది.

ఆట స్టాలిన్‌గ్రాడ్ పోరాటం గురించి. 1942 వేసవిలో జర్మన్లు దక్షిణ రష్యా మీద పడడం, ఆ చలికాలంలో సోవియట్ సైన్యం తిరగబడడం, ఆ తర్వాత ఖార్కోవ్ నగరం చుట్టూ జరిగిన తోపులాట, ఇదీ దీని పరిధి. మ్యాప్ ఆరు మూలల గడులుగా ఉంటుంది. ఒక గడిలో ఒకే యూనిట్ నిలబడాలి, ఒకదాని మీద ఒకటి పేర్చడం లేదు. పదాతి దళమైతే ఒక సైనికుడి తలబొమ్మ, ట్యాంకు దళమైతే ట్యాంకు బొమ్మ. రుమేనియన్, ఇటాలియన్, జర్మన్, రష్యన్ దళాలను చూడగానే పోల్చుకోవచ్చు. బొమ్మ కింద ఉన్న చుక్కలు ఆ దళంలో ఎంత బలం మిగిలిందో చెబుతాయి. దాడి చేసేముందు శత్రువు మీద మౌస్ పెడితే మనకెంత నష్టం, వాడికెంత నష్టం అన్న అంచనా కనిపిస్తుంది. నచ్చితే కొట్టొచ్చు, లేకపోతే ఇంకో దారి చూసుకోవచ్చు. నియమాల్లో ముప్పాతిక భాగం ఇంతే. మొదటి సాయంత్రమే వచ్చేస్తాయి.

మిగిలిన పాతికలోనే అసలు ఆటంతా ఉంది. దాని పేరు సప్లై.

తిండి, పెట్రోలు, మందుగుండు రైలు పట్టాల మీదుగా వస్తాయి. పట్టాల నుంచి అటూ ఇటూ కొంత దూరం దాకా దళాలకు అందుతాయి. నేల బాగుంటే ఎక్కువ దూరం, నది అడ్డొచ్చినా వాతావరణం పాడైనా తక్కువ దూరం. ఒక్క మీట నొక్కితే ఏ గడికి సప్లై అందుతోందో, ఏ గడికి అందడం లేదో మ్యాప్ మీద పరుచుకుంటుంది. ఆ దారి తెగిన దళానికి మొదటి టర్న్‌లో, అంటే మొదటి వంతులో, పెద్దగా ఏమీ కాదు. ఆ తర్వాత టర్న్ టర్న్‌కీ కదలిక తగ్గుతుంది, పోరాడే బలం తగ్గుతుంది. చివరికి ఎంత గొప్ప పాంజర్ (జర్మన్ ట్యాంకు) డివిజనైనా ఉన్నచోటే కూలబడుతుంది. పులిజూదం ఆడినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది: మేక పులిని చంపలేదు, కదిలే దారి లేకుండా చేసి గెలుస్తుంది.

దీని రుచి తెలియాలంటే సోవియట్ వైపు నుంచి యురేనస్ సినారియో ఆడాలి. సినారియో అంటే విడిగా ఆడుకునే ఒక్క పోరాటం, యురేనస్ అంటే ఆ చలికాలపు సోవియట్ ఎదురుదాడికి పెట్టిన పేరు. నేను మళ్లీ మళ్లీ తిరిగి వెళ్లేది దానికే. తేదీ 1942 నవంబర్ 19. జర్మన్ ఆరో సైన్యం స్టాలిన్‌గ్రాడ్ వీధుల్లో ఇరుక్కుని ఉంది. దానికి ఉత్తరాన డాన్ నది వెంబడి రుమేనియన్ మూడో సైన్యం, దక్షిణాన రుమేనియన్ నాలుగో సైన్యం కాపలా. కొత్తవాళ్ల చూపు సహజంగానే నగరం మీదికి పోతుంది. అక్కడ కొట్టుకుంటూ కూర్చుంటే టర్న్‌లు కరిగిపోతాయి తప్ప ఒరిగేదేమీ ఉండదు. చూడాల్సింది రుమేనియన్ల వరసలో ఏ గడి పలచగా ఉందో. ముందు ఫిరంగులు తోడున్న పదాతి దళంతో ఆ ఒక్క గడిని కొట్టాలి. ట్యాంకులను అప్పుడే వాడకూడదు, వాటిని దాచిపెట్టుకోవాలి. గడి ఖాళీ అయిన క్షణంలో ఆ సందులోంచి ట్యాంకు కోర్‌లను (పెద్ద ట్యాంకు దళాలను) ఒకదాని వెనక ఒకటి వదలాలి. దారిలో ఎవడు కనబడ్డా ఆగకూడదు. గురి డాన్ నది ఒడ్డున ఉన్న కలాచ్ ఊరి మీద, పడమటి నుంచి నగరానికి వచ్చే రైల్వే లైను మీద. దక్షిణం నుంచి ఇంకో చెయ్యి వచ్చి కొటెల్నికోవో వైపు నుంచి వచ్చే లైనును తెంపాలి.

ఆ రెండు చేతులూ కలిసిన టర్న్‌లో సప్లై మీట నొక్కి చూడండి. అప్పటిదాకా నిండుగా ఉన్న జర్మన్ల నేల మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తుంది. మనం ఒక్క జర్మన్ డివిజన్‌ను కూడా నేరుగా కొట్టి ఉండం, అయినా మ్యాప్ మీది అతి బలమైన సైన్యం అప్పటికే ఓడిపోయి ఉంటుంది. చరిత్రలోనూ జరిగింది అదే. దాడి మొదలైన నాలుగు రోజులకు, నవంబర్ 23న, సోవియట్ దళాలు కలాచ్ దగ్గర కలిశాయి. చిక్కుకున్న ఆరో సైన్యానికి విమానాల మీద సరుకు దించుతామని జర్మన్లు అన్నారు గానీ, రోజుకు కనీసం 300 టన్నులు కావలసిన చోట సగటున అందులో సగం కూడా చేరలేదు. 1943 ఫిబ్రవరి 2 నాటికి అంతా అయిపోయింది. ఈ సంగతులన్నీ చాలాకాలం కిందటే చదివి ఉన్నాను. కానీ ఒక సైన్యం ఎందుకు అలా కూలిందో నా కళ్లకు కట్టింది మాత్రం ఈ ఆటే.

కంప్యూటర్ ప్రత్యర్థిని తక్కువ అంచనా వేయొద్దు. మన ట్యాంకులు మరీ ముందుకు ఉరికితే వాటి వెనక ఉన్న సన్నటి దారిని వెతికి పట్టుకుని మూసేస్తుంది. జర్మన్ల వైపు ఆడుతూ కాకసస్ దిక్కు సాగినప్పుడు దీని బాధ బాగా తెలుస్తుంది. ముందు శత్రువు ఉండడు, స్టెప్పీ మైదానం ఖాళీగా పిలుస్తుంటుంది, వెనక రైలు మాత్రం ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. ఆ టెన్షన్ నిజమైన టెన్షన్.

లోపాలూ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది టర్న్‌ల లెక్క. ఫలానా టర్న్‌లోపు ఫలానా ఊరు పట్టుకుంటేనే గొప్ప గెలుపు, ఒక్క టర్న్ ఆలస్యమైతే దాని విలువ పడిపోతుంది. దాంతో కొన్ని సినారియోలు యుద్ధంలా కాక, ఒకే సరైన జవాబున్న పజిల్‌లా అనిపిస్తాయి. చివరి టర్న్‌లో చివరి దాడి అంచనాకు తగ్గట్టు తగలకపోతే గంటసేపు పడ్డ శ్రమ గాలికి పోతుంది. నిదానంగా ఆడడం ఇష్టమున్నవాళ్లకు ఇది చిరాకు. నాకైతే అలవాటైంది గానీ, ఇది బాగుందని మాత్రం అనను. ఇంకొకటి, ఈ మ్యాప్ మీద ఊళ్లు జెండాలు పాతే గడులు మాత్రమే. ఆ ఊళ్లలో ఉన్న జనం ఎక్కడా కనిపించరు. స్టాలిన్‌గ్రాడ్‌లో పౌరులు ఏం అనుభవించారో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకం పట్టుకోవాల్సిందే, పట్టుకోవాలి కూడా.

కొనాలా అంటే, కొనండి. పాత లాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఒక సినారియో గంట, గంటన్నరలో తేలిపోతుంది. కాంపెయిన్‌తో (వరసగా సాగే యుద్ధాలతో) మొదలుపెట్టకుండా ముందు చిన్న సినారియోలు విడివిడిగా ఆడండి, కాంపెయిన్‌లో ఒక ఓటమి బరువు తర్వాతి యుద్ధం దాకా వస్తుంది. తర్వాత వచ్చిన అదనపు భాగాల్లో రెడ్ టర్న్ సోవియట్ సైన్యం పడమటికి సాగిన దశ, బ్లాక్ టర్న్ 1941 నాటి జర్మన్ దండయాత్ర. రెండోదే కాస్త కఠినం, దాన్ని ఆఖరికి పెట్టుకోండి. 2019లో యూనిటీ ఆఫ్ కమాండ్ 2 వచ్చింది. అందులో బొమ్మలు ఇంకా అందంగా ఉంటాయి, హెడ్‌క్వార్టర్లూ వాటి పరిధులూ తోడవుతాయి, కథ ఉత్తర ఆఫ్రికా నుంచి మొదలవుతుంది. మంచి ఆటే, కానీ గుర్తుపెట్టుకోవాల్సినవి పెరిగాయి. వార్‌గేమ్ ఎప్పుడూ ముట్టుకోని స్నేహితుడికి నేను ఇప్పటికీ మొదటి దాన్నే ఇస్తాను, యురేనస్ తెరిచి పెట్టి.