బడిలో సాగు పాఠం: కూరగాయల మడులా, గుంట చెల్కా, సంచుల తోటా, రైతు పొలమా – ఏది మేలు?

బడి తోట అనగానే గోడ వారగా నాలుగు మడులు, పాలకూర, టమాట, బక్కెట్లు పట్టుకున్న పిల్లలు గుర్తొస్తారు. పంద్రాగస్టు నాటికి ఆ తోట పచ్చగానే ఉంటుంది. దసరా సెలవులయ్యి గేటు తీసేసరికి ఎండిన కట్టెలు, మేక పెంటికలు మిగులుతాయి. అయినా మళ్లీ జూన్‌లో అవే విత్తనాల ప్యాకెట్లు వస్తాయి.

అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట జిల్లాల బడులకు ఏది మేలో చూసేటప్పుడు ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దసరాకు రెండు వారాలు ఎవరూ నీళ్లు పోయకపోతే పంట బతుకుతుందా? ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 11 దాకా బడి మూసి ఉంటే నేల ఏమవుతుంది? దిగుబడి సంగతి ఆ తర్వాత.

కూరగాయల మడులు

చిన్న తరగతులకు వీటిని మించింది లేదు. తోటకూర 25-30 రోజుల్లో, మెంతికూర నెలలోపు, పాలకూర 35 రోజులకు, పుంటికూర 40 రోజులకు కోతకొస్తాయి. మూడో తరగతి పిల్లకు ఐదు నెలలు ఎదురుచూసే ఓపిక ఉండదు.

మడి వెడల్పు మీటరు దాటకూడదు. ప్రాథమిక బడిలో 80 సెంటీమీటర్లు చాలు. రెండు పక్కల నుంచీ మధ్యకు చెయ్యి అందకపోతే పిల్లలు మడిలోకి కాలు పెడతారు, తొక్కిన మట్టి గట్టిపడుతుంది. పొడవు 3 మీటర్లు, మడుల మధ్య అర మీటరు దారి. వానాకాలంలో మడిని 15 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. ఎండలు ముదిరాక అదే మడిని నేల మట్టానికి దించి చుట్టూ గట్టు వేయాలి, లేకుంటే పోసిన నీళ్లన్నీ దారిలోకి జారిపోతాయి.

బడి ఆవరణలో మట్టి అనుకునేది చాలాచోట్ల బిల్డింగు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు. గడ్డపారతో 30 సెంటీమీటర్ల లోతు తవ్వి, రాళ్లు ఏరి, చదరపు మీటరుకు 3 కిలోల మాగిన పశువుల ఎరువు కలపాలి. ఈ పని ఎగ్గొడితే ఏ విత్తనం వేసినా మొక్క గిడసబారుతుంది. పచ్చి పేడ తెచ్చి వేస్తే చెదలు పడతాయి.

టమాట, వంకాయ దగ్గరే అందరూ దెబ్బతింటారు. జూన్ మధ్యలో నారు పోస్తే జులై మధ్యలో నాటుతారు, మరో రెండు నెలలకు తొలి కాయ. సరిగ్గా కాపు ఊపందుకునే వేళకు దసరా సెలవులు. వీటిని పండగ తర్వాత నాటడమే మంచిది. అక్టోబర్‌లో నారు తెచ్చి నాటితే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాస్తాయి. జులై నుంచి దసరా వరకు మడుల్లో ఆకుకూరలే రెండు విడతలు వేసుకోవాలి.

నాలుగు మడులంటే 12 చదరపు మీటర్లు. వానలు లేని రోజుల్లో చదరపు మీటరుకు 5 లీటర్ల లెక్కన రోజుకు 60 లీటర్లు కావాలి. భోజనానికి ముందు వంద మంది చేతులు కడిగిన నీళ్లు తొట్టిలోకి మళ్లిస్తే సరిపోతాయి. పళ్లేలు తోమిన సబ్బునీళ్లు మాత్రం ఆకుకూరలకు వద్దు, అరటికో మునగకో పోనివ్వండి. కాలువ మొదట్లో జాలీ పెట్టకపోతే మెతుకులు చేరి ఎలుకలు మరుగుతాయి. ఇక మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. కాయగూరల కన్నా ఆకుకూరలు ఫ్లోరైడ్‌ను ఎక్కువ పట్టుకుంటాయి. అక్కడ ఆకుకూరలకు మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా కింద చేతులు కడిగిన నీళ్లో, వాన నీళ్లో పోయాలి. బోరు నీళ్లు తప్ప గతిలేని చోట బెండ, బీర వేసుకోవాలి.

తోట ఉంటే మధ్యాహ్న భోజనానికి కూరగాయలు కొనక్కర్లేదనే మాట ఒకటి తరచుగా వినపడుతుంది. లెక్క వేసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు రోజుకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి. 120 మందికి 9 కిలోలు. ఒక మడి పాలకూర ఒక్క కోతకు ఒకటిన్నర, రెండు కిలోలు ఇస్తే గొప్ప. నాలుగు మడులూ ఒకే రోజు కోసినా ఆ రోజుకే చాలవు. పప్పులో కలిపే ఆకుకూరకు, కల్యామాకుకు, నిమ్మకాయలకు ఆసరా అవుతుందంతే. మడి పాఠం కోసం వేసుకోవాలి, కిరాణా బిల్లు కోసం కాదు.

గుంట చెల్క

చెల్క అంటే ఎర్ర ఇసుక నేల. ఆరో తరగతి నుంచి పైకి మా ఓటు దీనికే. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు నేల దాదాపు ఒక గుంట. ఎకరానికి నలభై గుంటలని ఇక్కడి పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎకరానికి చెప్పే ప్రతి సిఫారసునూ నలభైతో భాగిస్తే తమ గుంట లెక్క వస్తుంది. గుంటలో వచ్చిన దిగుబడినీ, పెట్టిన ఖర్చునూ నలభైతో గుణిస్తే ఇంట్లో నాయన చెప్పే ఎకరం లెక్కతో పోల్చుకోవచ్చు.

వానాధార పంట బడి క్యాలెండర్‌తో కలిసి నడుస్తుంది. మిరుగు (మృగశిర కార్తె) జూన్ 8న, బడి తెరిచేది 12న. కంది, పెసర జోడు పంటగా వేస్తే జూన్ ఆఖరున విత్తనం, సెప్టెంబర్ మొదట్లో పెసర, డిసెంబర్‌లో కంది చేతికొస్తాయి. దసరా సెలవుల్లో కందికి ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు. వేసవిలో చేనులో ఏమీ ఉండదు కాబట్టి కాపలా బాధ లేదు.

కంది సాలుకూ సాలుకూ 90 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20. గుంటలో 11 సాళ్లు, సాలుకు 50 మొక్కలు. ఒక్కో చోట రెండు గింజలు వేసి, మొలిచాక బలమైన దాన్ని ఉంచి రెండోది తీసేయాలి. ఈ లెక్కన 120 గ్రాముల విత్తనం చాలు. కంది సాళ్ల నడుమ 30 సెంటీమీటర్ల ఎడంతో రెండేసి సాళ్లు పెసర, 10 సెంటీమీటర్లకు ఒక గింజ. దానికి 100 గ్రాములు. లోతు 4-5 సెంటీమీటర్లు. కందిలో 150-170 రోజుల మధ్యకాలిక రకమే తీసుకోవాలి. అంతకంటే ఆలస్యమైతే కోత పరీక్షల మీద పడుతుంది. రకం విషయంలో నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం పరిశోధన స్థానం శాస్త్రవేత్తలనో, నల్లగొండ వాళ్లు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగితే ఊరి నేలను బట్టి చెబుతారు. విత్తే వారం ముందు వంద గింజలు తడి గుడ్డలో చుట్టి మొలకలు లెక్కపెట్టించండి. 75 కన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనం మార్చాలి.

మొదటి తప్పు తొందర. మిరుగు తొలకరికి మట్టి వాసన రాగానే విత్తేస్తారు, తర్వాత రెండు వారాలు మొగులు మొహం చాటేస్తుంది. మొత్తం 60 మిల్లీమీటర్ల వాన పడి, జానెడు లోతు తడిశాకే విత్తాలి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట పెట్టి, పొద్దుగాల ప్రార్థనకు ముందు అందులో స్కేలు ముంచితే వాన ఎంతో తెలిసిపోతుంది. రెండో చిక్కు చెల్కది. విత్తిన మర్నాడు వాన కొట్టి ఎండ కాస్తే పైన అట్ట కడుతుంది. మొలక అడుగునే వంకర తిరిగి చస్తుంది. నాలుగో రోజు లోపల ముళ్లకంపను మెల్లగా ఈడ్చి ఆ అట్ట పగలగొట్టాలి. మూడోది పల్లం. ఆటస్థలంలో నీళ్లు నిలిచే మూలను తోటకు ఇచ్చే అలవాటు చాలా బడుల్లో ఉంది. రెండు రోజులు నీళ్లు నిలిస్తే కంది వేరు కుళ్లి వాలిపోతుంది.

ఈ గుంటలో పుస్తకానికి దొరకని పాఠం ఒకటుంది. విత్తే ముందు గింజలకు కాస్త బెల్లం నీళ్లు, చెంచాడు రైజోబియం (వేళ్ల మీద బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) పొడి పట్టించి నీడన ఆరబెట్టాలి. ఒక్క పెసర సాలుకు మాత్రం పట్టించకుండా గుర్తు పెట్టి వదలాలి. 30-35 రోజులకు రెండు సాళ్ల నుంచీ మూడేసి పెసర మొక్కలు తీయాలి. పీకితే వేళ్ల మీది బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, పారతో మట్టిగడ్డతో సహా లేపి బక్కెట్లో నానబెట్టి కడగాలి. ఆవగింజ నుంచి చిన్న మిరియమంత దాకా ఉన్న బుడిపెలను లెక్కపెట్టి, గోటితో ఒకటి చిదిమి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని నడుస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నడవనట్టు. పొడి వేయని సాలులోనూ బుడిపెలు కనపడితే ప్రయోగం చెడిందనుకోవద్దు. పప్పుపంటలు పండిన నేలలో ఆ బ్యాక్టీరియా ముందే ఉంటుంది. తేడా ఎంతుందన్నదే ప్రశ్న.

పూత మీద పచ్చపురుగు, గూడు కట్టే మారుకా పురుగు వస్తాయి. మందు డబ్బా బడిలోకి రానే రాకూడదు. చెట్టు కింద పాత చీర పరిచి, కొమ్మలు మెల్లగా వంచి దులిపితే పురుగులు రాలతాయి. చెట్టుకు ఎన్ని రాలాయో రాసుకుని కోళ్లకు వేయాలి. కర్రలతో టీ ఆకారంలో మూడు నాలుగు పక్షి స్థావరాలు నిలబెడితే మిగతాది పిట్టలు చూసుకుంటాయి.

కాలం కలిసొస్తే గుంటకు 10 కిలోల కందులు. వాన ఎగ్గొడితే మూడో నాలుగో.

రెండు హెచ్చరికలు. మన దగ్గర ఎంత పండినా ఆముదం బడిలో వద్దు. గింజల్లో రిసిన్ అనే విషం ఉంటుంది, చిన్నపిల్లలు పల్లీల్లా నోట్లో వేసుకుంటారు. కంచెకు అడవి ఆముదం నాటినా అదే ప్రమాదం. రెండోది కోతులు. కందికాయ పచ్చిగా ఉన్నప్పుడు గుంపు దిగితే ఒక్క పూటలో ఖాళీ. పూర్తి మందు ఎవరి దగ్గరా లేదు. బెడద బాగా ఉన్న ఊళ్లో ఆ నేలలో మిరప, పుంటికూర, కాకర వంటి వాటికి మారాల్సి వస్తుంది. బోరు ఉండి కోతులు లేని బడికి రెండో ఏడు యాసంగి పల్లి బాగుంటుంది. ఊడలు మట్టిలోకి దిగడం పిల్లలు కళ్లారా చూస్తారు. పూత దశలో గుంటకు 5 కిలోల జిప్సం వేయడం మరవొద్దు.

సంచుల తోట

ఆవరణ అంతా సిమెంటు చేసిన పట్టణ బడులకు ఇదే దారి. 12 అంగుళాల సంచిలో సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే పాతిక కిలోల దాకా తూగుతుంది. యాభై సంచులంటే టన్నుకు పైనే. పాత స్లాబు మీద పెట్టే ముందు ఇంజినీరును అడగాల్సిందే. ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కొబ్బరి పొట్టును రెండుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోయకపోతే ఉప్పు మిగిలి మొలకల అంచులు మాడతాయి.

సంచికి రోజూ నీళ్లు కావాలి, ఎండాకాలం రెండు పూటలా. దసరా పరీక్షలో ఇది మొదటి వారమే ఫెయిల్. అందుకని తోటగా కన్నా ప్రయోగశాలగా వాడుకోవడం నయం. మూడు సంచుల్లో మూడు రకాల మట్టి, ఒకే విత్తనం, నెల రోజులు కొలతలు, అంతటితో ఖాళీ చేయడం. వీల్‌ఛైర్‌లో ఉన్న పిల్లవాడికి చేతికందే ఎత్తులో బల్ల మీద పెట్టగలగడం మాత్రం మిగతా వేటికీ లేని సుగుణం.

రైతు పొలం

పిల్లల్ని ఊళ్లోని రైతు పొలానికి తీసుకెళ్లి నేర్పడం ఇది. డ్రిప్, మోటారు, బత్తాయి చెట్టు కత్తిరింపు, కూలి లెక్క, మార్కెట్ యార్డు రేటు బడి గుంటలో కనపడవు. 2020 జాతీయ విద్యా విధానం 6-8 తరగతులకు చెప్పిన పది బ్యాగు లేని రోజుల్లో నాలుగు దీనికి వాడుకోవచ్చు: విత్తే రోజు, కలుపు రోజు, పూత రోజు, కోత రోజు. నలభై నిమిషాల పీరియడ్‌లో పోయి రావడం కుదరదు, పూట మొత్తం కావాలి.

పత్తి చేను వద్దు, మందు కొట్టిన వారంలో పిల్లలు దిగే ప్రమాదం ఉంది. గోడలేని వ్యవసాయ బాయి ఉన్న పొలమూ వద్దు. రైతుకు ముందే ఒక మాట తేల్చి చెప్పాలి: పిల్లలు చూస్తారు, ఒక సాలు పని చేసి నేర్చుకుంటారు, కూలీలకు బదులు రారు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు బడులకు వరి నేర్పాలంటే ఇదే సరైన తోవ. గుంటలో దమ్ము చేసి నీళ్లు నిలపడం దోమల్ని పెంచడమే. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట చెల్కల్లో మాత్రం ముందు బడి గుంట, ఆ తర్వాతే రైతు పొలం. తన సాలులో పురుగు చూసినవాడు రైతును సరైన ప్రశ్న అడుగుతాడు.

ఏది ఎంచుకున్నా చెడగొట్టేవి

"చదువుకోమని పంపితే మట్టిపని చేయిస్తారా?" అని తల్లిదండ్రులు నిలదీస్తారు. మట్టిలో పడ్డ కష్టం పిల్లలకు తప్పాలని కోరుకునే వాళ్ల మాట అది, అందులో న్యాయముంది. జూన్ సమావేశంలోనే కొలతల పుస్తకం చూపించి, వారానికి రెండు పీరియడ్లకు మించదని చెప్పాలి. ఆలస్యంగా వచ్చినవాణ్ని కలుపు తీయమని తోటకు పంపితే ఆ రోజుతో అది శిక్ష అయిపోతుంది, ఇక పాఠం కాదు. ఆడపిల్లలకు నీళ్లు మోయడం, మగపిల్లలకు తవ్వడం అని పంచకుండా వారం వారం మార్చాలి. పంటలో ఎవరికెంతో కూడా ముందే రాసిపెట్టుకోవాలి: కొంత వంటకు, కొంత వచ్చే ఏడు విత్తనానికి, మిగిలింది పండించిన తరగతికి.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు మడులు ఖాళీ చేసి, బాగా తడిపి, అవతలిది కనపడేంత పారదర్శకమైన పలుచని పాలిథిన్ షీటు పరిచి అంచులు మట్టితో కప్పేయాలి. నల్ల షీటు వేస్తే వేడి పైనే ఆగిపోతుంది. ఆరు వారాల ఎండకు షీటు కింద కలుపు గింజలు, వేళ్లను పాడుచేసే నులిపురుగులు చాలావరకు చస్తాయి. జూన్ 12న షీటు తీసి, లోతుగా తిరగేయకుండా పైపైన గీరి విత్తుకోవాలి. లోతుగా తవ్వితే అడుగున బతికిన కలుపు విత్తనం మళ్లీ పైకొస్తుంది.