గిట్ పుల్ ఏళ్ల తరబడి వాడాక

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, సర్వర్‌లోని కొత్త మార్పులను మన కాపీలోకి తెచ్చే కమాండ్ గిట్ పుల్. దానికి మార్కులు వేయాలంటే ముందు రెండుగా విడదీయాలి: మార్పులు తెచ్చే ఫెచ్, వాటిని మన పనితో కలిపే మెర్జ్. ఫెచ్ సగానికి పదికి పది. రిమోట్‌లో (సర్వర్ కాపీలో) ఉన్నది తెచ్చి, అక్కడి మెయిన్ బ్రాంచ్ ఎంతవరకు వచ్చిందో చూపే ఆరిజిన్/మెయిన్ గుర్తును జరుపుతుందంతే, మన ఫైళ్ల జోలికి రాదు. తంటా అంతా రెండో సగంతోనే.

గిట్ స్టేటస్ "అప్ టు డేట్" అంటే నమ్మేయకండి. అది సర్వర్‌ని అడగదు. సోమవారం ఫెచ్ చేసి గురువారం చూస్తే సోమవారం కబురే చెబుతుంది. బ్రాంచ్ తేడా కొట్టిందనిపిస్తే ముందు గిట్ ఫెచ్ --ప్రూన్, తర్వాత గిట్ స్టేటస్ -ఎస్‌బీ. అహెడ్ (మన దగ్గరే ఉన్న కమిట్లు, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులు) ఒక్కటే ఉంటే పుష్ (సర్వర్‌కి పంపడం) చాలు. బిహైండ్ (సర్వర్‌లో మాత్రమే ఉన్న కమిట్లు) ఒక్కటే అయితే గిట్ మెర్జ్ --ఎఫ్‌ఎఫ్-ఓన్లీ, అంటే మన బ్రాంచ్‌ని ముందుకు జరపడమే. రెండూ ఉంటే దారులు చీలాయన్నమాట.

2021లో వచ్చిన గిట్ 2.33.1 వెర్షన్ నుంచి, సెట్టింగ్ ఏదీ పెట్టకపోతే, చీలిన చోట పుల్ సొంతంగా మెర్జ్ చేయదు, ఏం చేయాలో చెప్పమని ఆగిపోతుంది. విసుగ్గా ఉన్నా మంచి మార్పే. పుల్.ఎఫ్‌ఎఫ్‌ని ఓన్లీ అని పెట్టేస్తే అనుకోని మెర్జ్ కమిట్ల బెడద ఉండదు.

చీలిక ఎందుకొచ్చిందో ఫెచ్ చూపే వరుసలోనే ఉంటుంది, ఎవరూ చదవరు. మొదట ప్లస్ గుర్తు, చివర "ఫోర్స్‌డ్ అప్‌డేట్" కనిపిస్తే ఎవరో చరిత్ర తిరగరాశారు. అప్పుడు రిమోట్‌లో తీసేసిన పాత కమిట్లు మన అహెడ్ లెక్కలో తేలతాయి. వాటిని మనవే అనుకుని రీబేస్ చేసి (సర్వర్ చివరపై మళ్లీ పేర్చి) పుష్ చేస్తే పోయిన చెత్త మళ్లీ వచ్చి చేరుతుంది. నిజంగా మనవేవీ లేకపోతే గిట్ బ్రాంచ్ బ్యాకప్ అని ఒక గుర్తు వదిలి, గిట్ రీసెట్ --హార్డ్ ఆరిజిన్/మెయిన్ కొట్టండి, మన బ్రాంచ్, ఫైళ్లు సర్వర్ స్థితికి వస్తాయి. కమిట్ చేసినవి రెఫ్‌లాగ్‌లో (బ్రాంచ్ ఎక్కడెక్కడ ఉందో రాసుకునే గిట్ చిట్టాలో) మామూలుగా కనీసం 30 రోజులుంటాయి. కమిట్ చేయని మార్పులు మాత్రం గోవిందా.

ఫోర్స్ లేకుండా మామూలుగా చీలితే, పుష్ చేయని మన కమిట్లకు గిట్ రీబేస్ ఆరిజిన్/మెయిన్. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వైపులా మార్పు) వస్తే జాగ్రత్త: ఇక్కడ అవర్స్ అంటే రిమోట్ వైపు, థియర్స్ అంటే మన కమిట్. మెర్జ్‌కి తలకిందులు.

మన ఫీచర్ బ్రాంచ్‌ని రీబేస్ చేశాక పుష్‌కి --ఫోర్స్-విత్-లీజ్ (మనం చివరగా చూసినప్పటి నుంచి రిమోట్ మారకపోతేనే దాన్ని తిరగరాసేది) వాడతాం కదా, దానికీ ఒక కన్నముంది. ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే, పక్కవాళ్ల కొత్త కమిట్ మనం చూడకపోయినా చూసినట్టే లెక్క. పుష్ దాన్ని తుడిచేస్తుంది. 2.30 నుంచి ఉన్న --ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ జత చేయండి, లేదా ఎడిటర్‌లో ఆటోఫెచ్ ఆపేయండి.