వేణువు నేర్చుకున్నాక: కచేరీలా, కాలేజీ పాఠాలా?

ఆదాయం: విజయవాడలో కూచిపూడి ప్రదర్శనలకు, పెళ్లి కచేరీలకు వాయిస్తే సీజన్‌లో చేతినిండా పని, ఆషాఢంలో ఖాళీ. కాలేజీలో నెలనెలా జీతం, కానీ పోస్టు పడేదాకా ఎదురుచూపులే.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. శ్వాస, పెదవుల పట్టు రోజూ ఊదితేనే నిలుస్తాయి. కచేరీలుంటే సాధన తప్పదు. కాలేజీలో రోజంతా సరళీ స్వరాలు (తొలి పాఠాలు) చెప్పి ఇంటికొచ్చాక మళ్లీ వేణువు అందుకోవాలంటే గట్టి పట్టుదల కావాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, అదే నా బాధ.

రిస్క్: పెదవి పగిలితే కచేరీ పోతుంది, పాఠం పోదు.

పాశ్చాత్య ఆర్కెస్ట్రాయే లక్ష్యమైతే లోహపు ఫ్లూట్ నేర్చుకుని, 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వైపు చూడాలి. ఇంటి బాధ్యతలుంటే బోధనే మేలు. అలాగని కచేరీ వదులుకోనక్కర్లేదు: విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాల తొలి ప్రిన్సిపల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీలు మానలేదు.