ముత్తాతల సైనిక రికార్డులు తెప్పిస్తామనే వారితో జాగ్రత్త

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మీ పూర్వీకుల సర్వీసు రికార్డును లండన్ నుంచి తెప్పించి, పతకంతో సహా ఫ్రేము కట్టించి ఇస్తామని విజయవాడ కేంద్రంగా నడుస్తున్న ఒక సంస్థ గుంటూరు, తెనాలి వైపు కుటుంబాలకు ఫోన్లు చేస్తోంది. మా కుటుంబం వారికి 18,000 రూపాయలు చెల్లించింది. వారు ఇచ్చినది మా ముత్తాతగారి రికార్డు కాదని, అందులో ముఖ్యమైన కాగితం కల్పితమని తేలింది కనుక, ఇదే ఆలోచనలో ఉన్నవారు డబ్బు కట్టకముందే ఈ వివరాలు చదవాలని కోరుతున్నాను.

మా ముత్తాతగారు మెసొపొటేమియా (నేటి ఇరాక్) వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు. మా పెద్దలు దానిని బస్రా యుద్ధం అనేవారు. ఊళ్లో ఆయనను చివరిదాకా మిలట్రీ తాత అనే పిలిచారు. ఆయన ఏ పటాలంలో పనిచేశారో, సిపాయి నంబరు ఎంతో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. సంస్థవారు తెలియజేస్తామన్నది ఆ రెండు సంగతులే.

ఫ్రేములో ఉన్నది 1919 నాటి డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు అన్నారు. పాతదిగా కనిపించడానికి అంచులకు గోధుమరంగు పులిమిన ఆ కాగితం పైభాగాన సింహాల రాజముద్ర, దాని కింద ‘సత్యమేవ జయతే’ అచ్చయి ఉన్నాయి. మన దేశం ఆ ముద్రను స్వీకరించింది 1950 జనవరి 26న. పటాలం పేరు రాసే చోట మద్రాస్ రెజిమెంట్ అని ఉంది. ఆ పేరుతో రెజిమెంటు ఏర్పడింది 1922 నాటి పునర్వ్యవస్థీకరణలో. అంతకుముందు యుద్ధకాలంలో మద్రాసు పటాలాలకు 75వ కర్ణాటిక్ ఇన్‌ఫెంట్రీ, 64వ పయనీర్స్ వంటి నంబర్లతో కూడిన పేర్లు ఉండేవి. ఈ రెండూ చూపించి అడిగితే, తర్వాతి కాలంలో మళ్లీ రాసి ఇచ్చిన ప్రతి అన్నారు. ఎవరు ఇచ్చారో, ఏ కార్యాలయం నుంచి వచ్చిందో నేటికీ చెప్పలేదు.

దానితోపాటు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలోని ఒక పేజీ ప్రింటు తీసి జతచేశారు. ఆ జాబితాను ఎవరైనా ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవచ్చు. అయితే అందులో ఉండేది రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో మరణించినవారి పేర్లు మాత్రమే. వారు ఇచ్చిన పేజీలోని సిపాయి 1916లో మరణించాడు, ఆయన పేరు బస్రా స్మారకానికి చెందినది. మా ముత్తాతగారు 1931లో రాయించిన పొలం దస్తావేజు మా ఇంట్లో భద్రంగా ఉంది. తండ్రి పేరు కూడా వేరు. ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు మాత్రమే నమోదైన రికార్డులలో ఒకే పేరుగలవారు ఎందరో ఉంటారు కాబట్టి, తండ్రి పేరు, ఊరు, తాలూకా కలిస్తే తప్ప మన మనిషి అనుకోకూడదు. ఆ మరణించిన సిపాయికీ ఎక్కడో ఒక కుటుంబం ఉండే ఉంటుంది. ఆయన పేరును మా గోడకు తగిలించమని అమ్మడం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

అసలు రికార్డు ఏదని గట్టిగా నిలదీస్తే, 1940లో లండన్‌పై జరిగిన బాంబుదాడిలో కాలిపోయిందన్నారు. ఆ దాడిలో సైనికుల కాగితాలు పెద్దఎత్తున కాలిపోయిన మాట నిజమే, కానీ అవి బ్రిటిష్ సైనికులవి. భారత సిపాయిల సర్వీసు కాగితాలు ఇక్కడి పటాలాల డిపోలలో ఉండేవి. వాటిలో చాలా భాగం ఇప్పుడు దొరకకపోవచ్చు. దొరకనిదానిని దొరికినట్టు తయారుచేసి ఇవ్వడమే మోసం.

ఇక పతకం. 1914, 1918 సంవత్సరాలు, గుర్రం మీద మనిషి బొమ్మ ఉండే బ్రిటిష్ వార్ మెడల్ అది. అసలు పతకం అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం వరుసగా చిన్న అక్షరాలలో ముద్రించి ఉంటాయి. మాకు ఇచ్చినదాని అంచును తిప్పి చూస్తే ఆకురాయితో రుద్దిన గీతలు తప్ప ఒక్క అక్షరం లేదు. అంచు మీద పేరు లేని పతకాన్ని మీ తాతగారిదంటూ ఎవరు తెచ్చినా తీసుకోవద్దు. మీ ఇంట్లోనే పాత పతకం ఉంటే దానిని పాలిష్ చేయించకుండా, ముందు భూతద్దంతో అంచు చదవండి. వందేళ్ల తర్వాత పటాలం పేరు తెలియడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం సామాన్య కుటుంబాలకు దొరకడం అరుదు. పటాలం తెలిసిన తర్వాత ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్)లోను, అప్పట్లో గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు అభిలేఖాగారంలోను వెతకవచ్చు.

ఎవరికైనా డబ్బు ఇవ్వదలిస్తే, ప్రతి కాగితం ఏ అభిలేఖాగారంలోని ఏ ఫైలు నుంచి తీసినదో నంబరుతో సహా రాసి ఇస్తారా అని ముందే అడగండి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. ఆన్‌లైన్‌లో చెల్లించి మోసపోయినవారు వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలలోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. మేము అక్కడే ఫిర్యాదు చేశాం.

ఇదే రాజముద్రతో, మద్రాస్ రెజిమెంట్ పేరుతో 1919 నాటి కాగితం మీకూ ఇచ్చి ఉంటే, దానిపై ఉన్న సిపాయి నంబరును దయచేసి తెలియజేయండి. ఒకే నంబరును రెండు కుటుంబాలకు అమ్మినట్టు తేలితే, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి కమిషన్ ముందు ఉంచుతాం.